సముద్రానికి పెడముఖం పెట్టిన ఏరు: శబరి
(రాజమండ్రిలో ఒక గ్రంథాలయం ఏర్పాటు చేసిన ఆదివారం ఉపన్యాసం, మాట్లాడినది మాట్లాడినట్టుగా రాసుకున్న పాఠం)

నమస్కారమండీ. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? ఫ్యాను చప్పుడు కాస్త ఎక్కువగానే ఉంది. ఆపితే ఉక్కపోత. వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ముప్పై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పినవాణ్ణి, గొంతుకి లోటు లేదు.

ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతాను. జులై, ఆగస్టుల్లో మన ఊళ్లో పొద్దున్నే లేవగానే ఫోన్లో చూసే అంకె ఏది? ఆఁ, అదే, భద్రాచలం. "భద్రాచలంలో ఎంతుందిట?" అనే కదా కాఫీ కన్నా ముందు అడుగుతాం. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. లంకల్లో ఉండే పెద్దవాళ్లకి ఈ మూడూ నోటి లెక్క. అక్కడ ఇంతుంటే రేపటికి ధవళేశ్వరంలో ఇంత, మన చేలో ఇంత అని చెప్పేస్తారు.

ఆ నోటి లెక్కలో ఒక నది పడలేదు. భద్రాచలం దాటి సుమారు 50 కిలోమీటర్లు కిందికి వచ్చాక, కూనవరం దగ్గర ఎడమ చేతివైపు నుంచి శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అంటే భద్రాచలం వంతెన కింద కొలిచిన నీళ్లలో శబరి నీళ్లు చుక్క కూడా లేవు. ఆ నది 20 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల మీది వానను మోసుకొచ్చి, కొలత అయిపోయాక చేరుతుంది. చీటీల వాడు డబ్బులు లెక్కపెట్టి మూట కట్టేశాక ఇంకొకడు వచ్చి వాయిదా చేతిలో పెట్టినట్టు. అందుకే ఒక్కోసారి భద్రాచలంలో తగ్గుతోందని ఊపిరి పీల్చుకుంటాం, ఇక్కడ మాత్రం తగ్గదు. ఈ పూట చెప్పబోయేది ఆ నది గురించి.

శబరి ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఈ పటం నా చేత్తో గీసింది, కొంచెం వంకర పోయింది, ఏమనుకోకండి. ఒడిశాలో కోరాపుట్ జిల్లా. అక్కడ తూర్పు కనుమల్లో సింకారం కొండలు. సముద్ర మట్టానికి సుమారు 1,370 మీటర్ల ఎత్తున శబరి మొదలవుతుంది. అక్కడ దాని పేరు శబరి కాదు, కొలాబ్. కోరాపుట్ వాళ్లతో శబరి అంటే గుడి పేరేమో అనుకుంటారు. కొలాబ్ అనాలి.

ఇప్పుడు ఆ కొండ మీద నిలబడి తూర్పుకి చూడండి. పక్షి ఎగిరినట్టు తిన్నగా వెళ్తే బంగాళాఖాతం అక్కడికి నూరు కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. విజయనగరం వైపు కొండ దిగితే సముద్రమే. నాగావళి, వంశధార, శారద అన్నీ ఈ కనుమల్లోనే పుట్టి, బుద్ధిగా తూర్పుకి దిగి, దగ్గరి దారిలో సముద్రంలో పడిపోతాయి. కొలాబ్ మాత్రం సముద్రానికి పెడముఖం పెట్టింది. పడమరకి తిరిగి బస్తర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి దక్షిణానికి మళ్లి, మొత్తం 418 కిలోమీటర్లు నడిచి గోదావరిలో పడి, పాపికొండల్లోంచి దూరి, మన పుష్కర రేవు ముందు నుంచి వెళ్లి, అప్పుడు సముద్రాన్ని చేరుతుంది. నూరు కిలోమీటర్ల పనికి ఐదు వందలు దాటిన ప్రయాణం. (నవ్వులు)

ఎందుకిలా? కోపమేమీ లేదు, వాలు అటు ఉంది. తూర్పు కనుమలంటే మన మనసులో ఒక గోడ బొమ్మ ఉంటుంది. ఇటు ఎక్కి అటు దిగేస్తాం అనుకుంటాం. కోరాపుట్ దగ్గర అది గోడ కాదు, అరుగు. సముద్రం వైపు నిటారుగా లేస్తుంది. పైకి వెళ్లాక మటుకు బల్లపరుపుగా పడమరకి పరుచుకుంటుంది, మెల్లగా దిగుతుంది. అరుగు అంచుకి ఇవతల పడ్డ చినుకు విశాఖ తీరానికి, ఒక అడుగు అవతల పడ్డ చినుకు బస్తర్‌కి. అరకు దాటి కోరాపుట్ వైపు రైల్లో వెళ్లినవాళ్లు ఇది చూసే ఉంటారు. సొరంగాలన్నీ దాటి పైకి చేరాక కిటికీలోంచి చూస్తే కొండలు పొట్టివైపోతాయి. కొండలు పొట్టివి కాలేదు, మనం అరుగు ఎక్కాం.

ఆ అరుగుకి మెట్లున్నాయి. శబరి గురించి ఒక్కటే గుర్తు పెట్టుకుంటానంటే ఈ మెట్లు గుర్తు పెట్టుకోండి, మిగతావన్నీ వీటి వెంటే వస్తాయి. పై మెట్టు కోరాపుట్ పట్టణం ఉన్న చోటు, దాదాపు 900 మీటర్లు. దాని కింద జయపురం మెట్టు, 600 పైచిలుకు. ఆ కింద మల్కనగిరి, 200 లోపే. చివరికి మన కూనవరం. అక్కడ నేల 45 మీటర్లు కూడా లేని చోట్లున్నాయి. అంటే పై మూడొంతుల దారిలో ఈ నది నిచ్చెన దిగినట్టు దిగుతుంది. కింద చిట్టచివరన చాప మీద పోసిన నీళ్లలా పరుచుకుంటుంది. పైన దూకుడు కాబట్టి అక్కడ కరెంటు పుట్టింది, కింద చదును కాబట్టి అక్కడ ముంపు వచ్చింది.

పై నుంచి వద్దాం. కొలాబ్ నది కోరాపుట్ మెట్టు నుంచి జయపురం మెట్టుకి దూకే చోటుకి కాస్త ఎగువన ఒడిశా వాళ్లు అప్పర్ కొలాబ్ డ్యామ్ కట్టారు. నీళ్లని సొరంగంలో పెట్టి కింది మెట్టు మీదికి వదిలితే 320 మెగావాట్ల కరెంటు, ఆ తర్వాత అవే నీళ్లతో జయపురం చుట్టూ వరి. జయపురం అనగానే మనవాళ్లకి గుర్తుకు రావాల్సిన మాట ఇంకోటుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖ జిల్లాలోదే. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీకి జయపురం విక్రమదేవ్ పేరు ఊరికే రాలేదు, ఆ మహారాజు ఏటేటా విశ్వవిద్యాలయానికి డబ్బు ఇచ్చాడు. ఆ సంస్థానం రాబడిలో శిస్తు ఎంత, కలప ఎంత అని విడదీసి నేను చెప్పలేను గానీ, వరి పండిందీ అడవి పెరిగిందీ ఈ నీళ్లతోనే. మన ఊళ్లోంచి ఏయూలో ఫిజిక్సు చదువుకున్న వాళ్లెవరైనా ఉంటే, కొలాబ్ నదికి ఒక నమస్కారం బాకీ ఉన్నారు.

జయపురం దాటాక అడవి. రామగిరి అడవుల్లో, నది ఒడ్డున, గుప్తేశ్వరం అని సున్నపురాయి గుహ ఉంది. లోపల శివుడు. శివరాత్రికి ఒడిశా వాళ్లు ఇటు నుంచి, బస్తర్ వాళ్లు నది దాటి అటు నుంచి వస్తారు. పై మెట్టు మీద ఉన్న రాయి వేరు, కోరాపుట్ కొండలది కొండలైటు, చార్నొకైటు రకం. గుప్తేశ్వరం దగ్గర సున్నపురాయి. నీళ్లకి సున్నపురాయి కరుగుతుంది, అందుకే గుహ. కొండలైటు అన్న పేరు ఎక్కడిదో తెలుసా? ఆ కొండల్లో ఉండే కోందులనే గిరిజనుల పేరు మీద పెట్టిందే. ప్రపంచంలో ఎక్కడ ఆ రాయి దొరికినా ఆ పేరే. మన విశాఖ కొండలు చాలావరకు అదే రాయి.

గుప్తేశ్వరం చుట్టుపక్కల నుంచి నది దక్షిణానికి తిరుగుతుంది. ఇక్కడి నుంచి సుమారు 200 కిలోమీటర్లు ఇదే రాష్ట్రాల సరిహద్దు. కుడివైపు ఛత్తీస్‌గఢ్, ఎడమవైపు ఒడిశా. ఇక్కడే ఎక్కడో కొలాబ్ పేరు పోయి శబరి అవుతుంది. కిలోమీటరుకి సగటున రెండు మీటర్ల పైన పల్లం, ఒడ్డుల నిండా అడవి. సుక్మా పట్టణం ఈ నది పక్కనే. సుక్మా పేరు పేపర్లో వేరే వార్తల్లోనే చూస్తాం, నది వార్తగా ఎప్పుడూ చూడం. ఈ దారి గురించి ఎక్కువ చెప్పను. ఎందుకంటే ఇక్కడ నది తన పని తాను చేసుకుపోతోంది, అంతే.

కథ ముదిరేది సీలేరుతో. శబరికి అది ఉపనది. ఉపనది అంటున్నాం గానీ, దాని నడక చూస్తే ప్రత్యేకంగా ఒక ఆదివారం పెట్టుకోవాలి. మన మాడుగుల కొండల్లో, అంటే పాడేరు వైపు, పుడుతుంది. పుట్టినప్పుడు పేరు మాచ్‌ఖండ్. హుకుంపేట మండలంలో మత్స్యగుండం అని ఒక చోటుంది. అక్కడ అడ్డంగా ఉన్న బండల కింద ఏరు మాయమై కాస్త దూరంలో మళ్లీ పైకి వస్తుంది. ఆ మడుగులో చేపల్ని ఎవరూ పట్టరు. దేవుడి చేపలు. మరమరాలు వేస్తే మనుషులంటే భయం లేకుండా వచ్చేస్తాయి. చిన్నప్పుడు మా నాన్నగారితో ఒకసారి వెళ్లాను. నా చేతిలో మరమరాలు అయిపోతే ఆ చేపలు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. (నవ్వులు)

ఈ మాచ్‌ఖండ్ ఏం చేస్తుందంటే, గోదావరి దక్షిణాన ఉంటే తాను ఉత్తరానికి బయల్దేరుతుంది. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు వెంట, దాదాపు మూడు వేల అడుగుల మెట్టు మీద, పాములా మెలికలు తిరుగుతూ ఉత్తరానికి వెళ్తుంది. జయపురానికి దక్షిణంగా ఒక చోట ఉన్నట్టుండి అరుగు అంచుకి వస్తుంది. అక్కడ డుడుమ. నూట యాభై మీటర్ల పైన ఒకే దూకు. దూకి, సూది మలుపు తిరిగి, ఈసారి నైరుతికి, లోతైన లోయలో పరుగు. పేరు మార్చుకుని సీలేరు. ఎటు బయల్దేరిందో దానికి సరిగ్గా ఎదురు దిక్కులో వెళ్తుంది. బస్సు తప్పు ఎక్కి, తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి వెళ్లే బస్సెక్కినవాడిలాగా.

ఆ దూకుని చూసి ఇంజనీర్లు ఊరుకుంటారా! ఎగువన జలాపుట్ దగ్గర జలాశయం, డుడుమ దగ్గర నీళ్లు మళ్లించే చిన్న డ్యామ్, లోయ అడుగున పవర్‌హౌసు. 1955లో మాచ్‌ఖండ్ కరెంటు మొదలైంది. 120 మెగావాట్లు. ఇప్పుడు చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో ఉత్తర కోస్తా ఊళ్లలో వెలిగిన బల్బు అది. పైనుంచి లోయలోకి పట్టాల మీద తాడు కట్టి లాగే వించి ఉండేది, దానిమీదే మనుషులూ సామానూ దిగడం, ఎక్కడం. దాని మీద ప్రయాణం చేసినవాళ్లు చెబితే వినాలి. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవడమే టికెట్టు అనేవారు.

మాచ్‌ఖండ్ కింద బలిమెల. ఇది చాలామందికి తెలియని వింత. ఇక్కడ ఒడిశా, ఆంధ్రా నీళ్లని సగం సగం పంచుకున్నాయి. ఒడిశా తన సగాన్ని సీలేరు లోయలో వదలదు. పక్కకి మళ్లించి, తన పవర్‌హౌసులో 510 మెగావాట్లు తీసి, ఆ నీళ్లని పొట్టేరు అనే వేరే ఏట్లోకి వదులుతుంది. వాటితో మల్కనగిరి చేలు పండుతాయి. 1958 తర్వాత దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల్ని తెచ్చి పెట్టింది అక్కడే. అడవి మధ్యలో బెంగాలీ వినపడుతుంది, చేపల కూర వాసన వస్తుంది. ఆంధ్రా సగం సీలేరులోనే కిందికి వస్తుంది. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు 460. ఒకే నీళ్లు మెట్టు మెట్టుకీ చక్రం తిప్పుతూ వస్తాయి. మాచ్‌ఖండ్, అప్పర్ కొలాబ్ కూడా కలుపుకుంటే ఈ ఒక్క శబరి కుటుంబం మొత్తం 1,600 మెగావాట్ల పైన. బలిమెల దగ్గర ఆస్తి పంచుకుని విడిపోయిన అన్నదమ్ములున్నారే, వాళ్లు చివరికి కలుస్తారు. పొట్టేరు శబరిలో కలుస్తుంది, సీలేరు కూడా శబరిలోనే కలుస్తుంది.

బలిమెల నీళ్ల వల్ల ఇంకో సంగతి జరిగింది. జలాశయం నిండాక దాని వెనక ఒడిశా పల్లెలు నూట యాభై దాకా మూడు వైపులా నీళ్లతో, నాలుగో వైపు ఆంధ్రా కొండలతో చిక్కుబడిపోయాయి. సొంత జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే పడవే. ఆ పేరే పడిపోయింది, కటాఫ్ ఏరియా అని. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా అదే బతుకు. మన బల్బు వెలగడానికి ఎవరి దారి మూసుకుపోయిందో భూగోళం పుస్తకాల్లో రాయరు, మెగావాట్లు మాత్రం రాస్తారు. నేనూ అన్నేళ్లు పిల్లల చేత మెగావాట్లే బట్టీ పట్టించాను లెండి.

డెల్టా రైతులెవరైనా ఉన్నారా ఇక్కడ? చేతులెత్తండి. పది మందికి పైనే ఉన్నారు. రబీలో మీ కాలవలో పారే నీళ్లు ఎక్కడివి? గోదావరివి అంటారు. జనవరి దాటాక గోదావరిలో నీళ్లేవి? ఎగువన ఎక్కడికక్కడ ఆనకట్టలున్నాయి. వేసవికి ముందు మన బ్యారేజీకి వచ్చే నీళ్లలో పెద్ద భాగం సీలేరు పవర్‌హౌసులు కరెంటు తీసి కిందికి వదిలినవే. అందుకే రబీ చివర్లో ఎద్దడి వస్తే మన అధికారులు సీలేరుకి ఫోను చేస్తారు. వానాకాలంలో జలాశయంలో దాచిపెట్టిన చినుకు, ఫిబ్రవరిలో చక్రం తిప్పి, శబరిలో పడి, కూనవరం దాటి, పాపికొండలు దాటి, మీ చేలో వరి పొట్ట మీద ఉన్నప్పుడు చేరుతోంది. వాన పడింది పాడేరు కొండ మీద, అన్నం ఉడికేది అమలాపురంలో.

సరే, కిందికి వచ్చేద్దాం. మూడు రాష్ట్రాలు కలిసే చోటుంది. ఛత్తీస్‌గఢ్ కొంట, ఒడిశా మోటు, మన చింతూరు మండలం. అక్కడ సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. మోటులో నిలబడి కేకేస్తే మూడు రాష్ట్రాలకి వినపడుతుంది అంటారు. ఫోన్ సిగ్నలు అయితే ఏ రాష్ట్రానిది దొరుకుతుందో మన అదృష్టం. కోయ మాట మటుకు మూడు వైపులా వినపడుతుంది, దానికి సరిహద్దు లేదు.

అక్కడి నుంచి శబరి మనది. చింతూరు మీదుగా కూనవరం దాకా. ఈ కాస్త దూరంలో ఉన్న మనుషుల చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడండి. భద్రాచలం ప్రాంతమంతా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయాక పోలవరం ముంపు మండలాలని మళ్లీ ఇటు తెచ్చారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఒకే ఇంట్లో, ఒకే గడప మీద కూర్చున్న ముసలాయన ఇన్ని జిల్లాల్లో కాపురం చేశాడు. కదలకుండా!

కూనవరం సంగమానికి నేను మొదటిసారి వెళ్లింది చదువుకునే రోజుల్లో, ఇక్కడి నుంచి లాంచీ మీద. సంక్రాంతి వెళ్లాక. గోదావరి నీళ్లు కాస్త బూడిదగా, శబరి నీళ్లు నల్లగా, తేటగా ఉన్నాయి. కలిశాక కూడా కొంత దూరం దేని దారి దానిదే, మధ్యలో గీత గీసినట్టు. లాంచీ సరంగు ఆ గీత మీదే నడిపించాడు. "ఇటు చెయ్యి పెట్టండి, అటు చెయ్యి పెట్టండి" అన్నాడు. శబరి వైపు నీళ్లు చల్లగా ఉన్నాయి. అడవి నీడలో వచ్చిన నీళ్లు కదా అన్నాడాయన. ఆ మాటకి సాక్ష్యం అడక్కండి, నాకు నచ్చింది, నమ్మేశాను.

పేరు సంగతి కూడా అక్కడే అడిగాను. రాముడికి రేగుపళ్లు పెట్టిన శబరే ఈ నది అయిందని అక్కడ చెబుతారు. భద్రాచలం, పర్ణశాల పక్కనే ఉన్నాయి కాబట్టి ఆ కథ అక్కడ ఒదిగిపోతుంది. ముసలమ్మ పేరు పెట్టుకున్న నది చాలా రోజులు నిమ్మళంగానే నడుస్తుంది. వానాకాలం నాలుగు నెలలే దాని మాట వేరు.

వరద గురించి రెండు మాటలు వాడతారు అక్కడ. ఒకటి పోటు, రెండోది ఎగపోటు. నది తన నీళ్లతో తాను పొంగితే పోటు. కింద పెద్ద నది నిండి, దీని నీళ్లు వెళ్లే దారి లేక వెనక్కి తన్నితే ఎగపోటు. "శబరి ఎగదన్నింది" అంటారు. మనకి మురిక్కాలవ దగ్గర ఇది అనుభవమే. పెద్ద కాలవ నిండిపోతే చిన్న కాలవ నీళ్లు మన గుమ్మంలోకి వస్తాయి, మన వీధిలో వాన పడకపోయినా.

శబరికి ఇది ఎందుకింత గట్టిగా తగులుతుంది? ఇందాక చెప్పిన చదును ఒక కారణం. చింతూరు నుంచి కూనవరం దాకా వాలు చాలా తక్కువ, గోదావరి పెరిగితే ఆ మట్టం అలాగే శబరిలోకి పాకిపోతుంది. రెండో కారణం కూనవరం కింద ఉంది. మనం టూరిస్టు బోట్లెక్కి ఫోటోలు తీసుకునే పాపికొండలు. పైన మైలు వెడల్పున వచ్చే గోదావరి అక్కడ కొండల మధ్య రెండు మూడు వందల మీటర్లకి ఇరుక్కుపోయే చోట్లున్నాయి. గరాటు అండీ అది. గరాటులో బిందెతో పోస్తే ఏమవుతుంది? పైన నిలిచిపోతుంది. నిలిచిన నీళ్లకి ఎక్కడైనా చోటు కావాలి. దొరికే చోటు శబరి లోయ. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు. సోకిలేరు, చంద్రవంక లాంటి వాగులు కూడా వెనక్కి నిండి, భద్రాచలం నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద చింతూరు, కొంట మధ్య నీళ్లెక్కేస్తాయి. లారీలు రోజుల తరబడి బారులు. అక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, వాన చుక్క ఉండదు, ఊరు మునుగుతుంది.

మళ్లీ దీనికి ఎదురు దెబ్బ కూడా ఉంది. శబరి తానే పొంగి కూనవరంలో గోదావరికి అడ్డం పడితే, పైనున్న గోదావరి నీళ్లు వేగంగా జారవు. అప్పుడు భద్రాచలంలో నీటిమట్టం తగ్గాల్సినంత తొందరగా తగ్గదు. చూశారా, ఇందాక భద్రాచలం లెక్కలో శబరి నీళ్లు చుక్క లేవన్నాను. నీళ్లు లేవు గానీ దాని చెయ్యి ఉంది.

ఏ వాన ఎప్పుడు పడుతుందన్న దాని మీదే అంతా. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఒడిశా వైపు తీరం దాటి వాయవ్యానికి పోతుంది. పోతున్నప్పుడు దానికి నైరుతి పక్కన వాన గట్టిగా కొడుతుంది. ఆ నైరుతి పక్క అంటే చాలాసార్లు కోరాపుట్, మల్కనగిరి, బస్తర్. అంటే శబరికి ముందు తగులుతుంది. అల్పపీడనం ముందుకెళ్లాక ఇంద్రావతికి, ఆ తర్వాత విదర్భలో ప్రాణహితకి. ఆ రెండూ భద్రాచలానికి ఎగువనే గోదావరిలో కలిసే నదులు. శబరి దగ్గరిది, నిటారు దారి, దాని వరద ముందే వచ్చి వెళ్లిపోతుంది. ప్రాణహిత నీళ్లు వచ్చేసరికి రోజులు పడుతుంది. ఒక్క అల్పపీడనమే అయితే ఒకదాని వెనక ఒకటి, క్యూలో వచ్చినట్టు వచ్చి పోతాయి. మొదటిదాని ప్రాణహిత నీళ్లు భద్రాచలం చేరే సమయానికి రెండో అల్పపీడనం శబరి మీద కురిసిందనుకోండి, అప్పుడు టెన్షన్. రెండూ కూనవరంలో ఒకేసారి గుమ్మం దగ్గర ఢీకొంటాయి.

1986 ఆగస్టు ఇక్కడ చాలామందికి గుర్తుంటుంది. భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కుల వరద. అప్పటికి నాకు కొత్తగా ఉద్యోగం. బడిలో పాఠాలు లేవు, బడి నిండా లంకల వాళ్లు. తర్వాత అంత దగ్గరగా వచ్చింది 2022 జులైలో, భద్రాచలంలో 71 అడుగులు దాటింది. జులైలోనే అంత రావడం పెద్దవాళ్లని కూడా కంగారు పెట్టింది, ఎందుకంటే వాళ్ల లెక్కలో పెద్ద వరద అంటే ఆగస్టు. చింతూరు, కూనవరం వాళ్లు ఆ సంవత్సరం కొండల మీద టార్పాలిన్ల కింద ఎన్నాళ్లున్నారో వాళ్లనే అడగండి.

ఇంకా ఏదో మరిచాను... ఆఁ, ట్రిబ్యునల్. రాష్ట్రాల మధ్య గోదావరి నీళ్ల తగువు తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ గోదావరి బేసిన్‌ని, అంటే ఆ నదిలోకి నీళ్లు చేరే నేలంతటినీ, పన్నెండు ముక్కలు చేసింది. 1980లో తీర్పు. అందులో పన్నెండో ముక్క శబరి, కాగితాల్లో జి-12. మొత్తం బేసిన్ 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లలో ఇది ఆరున్నర శాతం. నేలలో ఆరున్నర శాతమైనా నీళ్లలో వాటా అంతకన్నా ఎక్కువే, ఎందుకంటే అక్కడ వానలెక్కువ. మరాఠ్వాడాలో మంజీర దగ్గర ఎంతో నేల ఉంది, నీళ్లేవి?

సమయం అయిపోయిందంటున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను. చెప్పమ్మా.

(సభలో ఒక అమ్మాయి: సర్, పోలవరం నిండితే కూనవరం సంగమం ఏమవుతుంది?)

మంచి ప్రశ్న. ఏ కాలేజీ నువ్వు? సరే, సరే, కూర్చో.

చూడమ్మా, పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నింపుతామంటున్నారు. ఇందాక మెట్లు చెప్పాను కదా, చివరి మెట్టు 45 కన్నా కిందే ఉన్న చోట్లున్నాయని. కాబట్టి పూర్తిగా నింపితే కూనవరం దగ్గర నది రెండుగా కనపడదు. ఒకే చెరువు. ఆ చెరువు ఒక చెయ్యి భద్రాచలం వైపు, ఇంకో చెయ్యి శబరి లోయలోకి చాస్తుంది. శబరి చెయ్యి కొంట, మోటు దాకా వెళ్తుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అభ్యంతరం చెప్పేదీ, సుప్రీంకోర్టుకి వెళ్లిందీ అందుకే. శబరి, సీలేరు గట్ల మీద అటూ ఇటూ చెరో ముప్పై కిలోమీటర్ల దాకా కరకట్టలు కట్టాలన్న మాట వచ్చింది కూడా అందుకే.

అంటే నువ్వు అడిగినదానికి జవాబు, సంగమం కూనవరంలో ఉండదు. నది చెరువులో కలిసే చోటునే సంగమం అనుకుంటే, అది ఎగువకి జరిగి మోటు, కొంట చుట్టుపక్కల ఎక్కడో పడుతుంది. వానాకాలంలో ఒక చోట, వేసవిలో నీళ్లు తగ్గాక ఇంకో చోట. లాంచీ సరంగు నాకు చూపించిన ఆ రెండు రంగుల గీత నీటి అడుక్కి పోతుంది. నీకు కుదిరితే సంక్రాంతి వెళ్లాక ఒకసారి వెళ్లు. ఇటు చెయ్యి, అటు చెయ్యి పెట్టి చూడు, శబరి వైపు నిజంగానే చల్లగా ఉంటుందో లేదో నాకు చెబుదువు గాని.

ఆయనెవరో వెనక చెయ్యెత్తారు... టీ వచ్చిందనా? (నవ్వులు) సరే, మిగతావి టీ తాగుతూ.